ఎండ తగలకూడని మొహం

హైదరాబాద్,
2 మార్చి 1986.

ప్రియమైన అక్కకు,

తమ్ముడు ప్రకాశం వందనాలు. అమ్మకు, బావకు కూడా చెప్పు.

నేను బాగున్నాను. రేడియోలో పని ఎప్పటిలాగే నడుస్తోంది. పొద్దున మార్కెట్ ధరలు చదువుతాను, సాయంత్రం రైతుల ఉత్తరాలు చదువుతాను. మొన్న జనగామ నుంచి ఒకాయన నా గొంతు వినడం కోసమే పాడైన రేడియో బాగుచేయించుకున్నానని రాశాడు. ఆ ఉత్తరాన్ని సిగ్గులేకుండా ఆఫీసులో అందరికీ చూపించాను.

అసలు సంగతి వేరే ఉంది. టీవీలో రైతుల కార్యక్రమం చదవడానికి మనిషి కావాలట. జూన్‌లో పరీక్ష పెడతారు. మా సెక్షన్‌లో పెద్దావిడ శారదగారు నా పేరు రాసిచ్చారు. ఇచ్చాక నా వైపు ఒకసారి తేరిపార చూసి, "కెమెరా మొహం మీదికే వస్తుందయ్యా. పౌడరు కాస్త గట్టిగా పట్టించుకో" అన్నారు. మంచి మనసుతోనే అన్నారులే.

నా చెంపల సంగతి నీకు తెలియనిది కాదు. మొటిమలు పోయాయి గానీ వాటి గుంటలు ఎక్కడికీ పోలేదు. ఇక్కడ నారాయణగూడలో ఒక చర్మం డాక్టరు వాటిని మిషన్‌తో అరగదీసి చదును చేస్తున్నాడు. కత్తి లేదు, కుట్లు లేవు. చల్లటి మందు కొట్టి, రూపాయి బిళ్ళంత బ్రష్షును గిర్రున తిప్పుతూ పైచర్మం తీసేస్తాడు. కింద నుంచి కొత్తది వస్తుంది. ఇటలీలో అయితే బ్రష్షు కూడా లేకుండా ఏదో పొడి చిమ్మి మెల్లగా రుద్దే మిషన్ కొత్తగా వచ్చిందట. అది మన దాకా రావాలంటే ఏళ్ళు పడుతుందన్నాడు. అంతవరకు టీవీ వాళ్ళు ఆగరు కదా.

నువ్వు నర్సువి. ఏమంటావు?

నీ తమ్ముడు,
ప్రకాశం.


వరంగల్,
8 మార్చి 1986.

తమ్ముడు ప్రకాశానికి,

దేవుడు నీకు ముందు ఆరోగ్యాన్ని, ఆ వెంటనే బుద్ధిని ఇవ్వాలని కోరుకుంటూ అక్క రాసేది.

జాతర అయిపోయి ఇన్ని రోజులైనా మేడారం దుమ్ము ఇంకా నా గొంతులోనే ఉంది. దవాఖాన క్యాంపు డ్యూటీ ఈసారి నా నెత్తిన పడింది. కాళ్ళు వాచిపోయాయి. సమ్మమ్మ అని ఒక ముసలావిడ ఒళ్ళు కాలిపోతున్నా గోళీ మింగలేదు. "ముందుగాల తల్లికి బంగారం ఎక్కియ్యాలె, అటెన్క నీ గోళీ" అని నాతో గంటసేపు కొట్లాడింది. బంగారమని మొక్కుకున్న బెల్లం ముద్ద చేతిలో పట్టుకుని పడిపోయేలా ఉంది, మాట మాత్రం తగ్గలేదు. ఆవిడతో గెలవలేక ఇంటికి వస్తే నీ ఉత్తరం.

ఏమంటావు అని అడిగావు. వద్దంటాను. బడి బల్లకు గరుకు కాగితం పెట్టి రుద్దినట్టు ఎవరైనా మొహం రుద్దించుకుంటారా? చర్మం ఊడిన మనిషి ఎట్లా అరుస్తాడో నేను రోజూ వింటున్నాను. పైగా మన రంగు మనుషులకు రుద్దిన చోట నల్లబడుతుంది. ఆ మాట మీ డాక్టరు చెప్పాడా?

నిజం చెప్పు. ఇది టీవీ కోసమేనా, లేక ఎవరైనా పిల్ల నీ మొహం చూసి కాదన్నదా? ఎవరో చెప్పు, నేనే వెళ్ళి వాళ్ళ అమ్మతో మాట్లాడతాను. నాయన నీకు ఏరికోరి జ్ఞానప్రకాశం అని పేరు పెట్టాడు. ఆయన ఆశ ఆయనది, పాపం.

ఏప్రిల్ 20 ఆదివారం నాయన పోయి ఏడాది. డోర్నకల్‌లో ఆరాధన కాగానే సమాధుల దొడ్డిలో రాయి నిలబెడుతున్నాం. ఉద్యోగమంతా ఆ స్టేషన్‌లోనే చేసిన మనిషి, పాత రైల్వే వాళ్ళందరూ వస్తారు. వాక్యం నువ్వే చదవాలి. సెలవు ఇప్పుడే పెట్టుకో.

అక్క,
రాహేలు.


హైదరాబాద్,
14 మార్చి 1986.

అక్కా,

నీ ఉత్తరం చదువుతుంటే నా మొహం చూసి మా రూములో ఉండే రాయమల్లు ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగాడు.

సరే. మిషన్ మాట మరిచిపో. పిల్ల లేదు, పిల్ల వాళ్ళ అమ్మా లేదు, దయచేసి ఎవరి దగ్గరికీ వెళ్ళకు. ఇక్కడ కొన్నాళ్ళు పని చాలా ఎక్కువగా ఉంటుంది. ఈస్టర్‌కు రాలేను. ఉత్తరం ఆలస్యమైతే ఫికర్ పెట్టుకోవద్దని అమ్మకు చెప్పు.

ప్రకాశం.


వరంగల్,
3 ఏప్రిల్ 1986.

ప్రకాశానికి,

ఈస్టర్ నాడు నీ కోసం తీసిపెట్టిన కూర చివరికి మీ బావ తిన్నాడు. ఆయనకేం, రెండు రోజులు సంతోషంగా ఉన్నాడు.

పని ఎక్కువ అని రాశావు. ఏ పని? పొద్దున రేడియో పెడితే ధరలు ఇంకెవరో చదువుతున్నారు. సాయంత్రం పెడితే ఉత్తరాలు ఇంకెవరో చదువుతున్నారు. అమ్మ రేడియోను చెవికి ఆనించుకుని కూర్చుని, "పిల్లగాని గొంతు మారిందేందే" అని అడుగుతోంది. గొంతు కాదమ్మా, మనిషే మారాడు అని నేను ఎట్లా చెప్పను? ఉద్యోగం పోయిందా? పోతే పోయిందని రాయి. వేషాలెందుకు?

రాయి చెక్కడం అయిపోయింది. 'దేవదానం, పాయింట్స్‌మన్' అని రాయించాం. నువ్వు రాకపోతే వాక్యం ఎవరు చదువుతారు? కొడుకువి ఒక్కడివే. పోనీ రానని రాయి, నేను అమ్మకు చదివి వినిపించి ఏడుపు కూడా నేనే చూసుకుంటాను. ఈ ఇంట్లో నాకు అలవాటైన పనే.

రాహేలు.


హైదరాబాద్,
9 ఏప్రిల్ 1986.

అక్కా,

ఉద్యోగం పోలేదు. కొన్ని రోజులు సెలవులో ఉన్నాను, అంతే. జ్వరమూ లేదు, ఏమీ లేదు.

20న తప్పకుండా వస్తాను. ఒక్క మాట మాత్రం అడుగుతాను, కోప్పడకు. రాయి నిలబెట్టేది మధ్యాహ్నం బదులు సాయంత్రం పొద్దు వాలాక పెట్టుకోకూడదా? పాస్టరుగారిని ఒకసారి అడుగు. అమ్మ పెద్దది, ఎండలో నిలబడలేదు కదా.

ప్రకాశం.


వరంగల్,
24 ఏప్రిల్ 1986.

జ్ఞానప్రకాశం గారికి,

గారు అనే రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఉండి పెద్దవారయ్యారు మరి.

సాయంత్రం పెట్టమని రాసినప్పుడే నాకు అర్థమైంది, సాహెబుకు ఎండ పడదని. అమ్మ పేరు అడ్డం పెట్టుకున్నావు. ఆ అమ్మ సమాధుల దొడ్డిలో చెప్పులు లేకుండా నిలబడింది. సాయంత్రమైతే రైలు దొరకక వచ్చినవాళ్ళంతా స్టేషన్‌లో పడుకోవాలని నీకు తెలియదా?

సరే, వచ్చావు. ఎట్లా వచ్చావు? తలకు, మొహానికి తువ్వాల చుట్టుకుని, కళ్ళు తప్ప ఏమీ కనబడకుండా, దొంగతనానికి వచ్చినవాడిలాగా. "తువ్వాల తియ్యిరా, నాయిన సమాధి ముంగట నిలవడ్డవ్" అని మెల్లగానే చెప్పాను. "జర ఉండనియ్యక్కా, ఎండ కొడ్తాంది" అన్నావు. ప్రార్థనలో మగవాళ్ళు తల కప్పుకోకూడదని నీకు మళ్ళీ బళ్ళో నేర్పించాలా? అందుకే గుంజేశాను. గుంజితే ఏమైంది? లోపల మొహమంతా ఎర్రగా ఉబ్బి, దాని మీద పౌడరు పూత. పాత రైల్వే వాళ్ళందరూ చూశారు.

తాగి వచ్చావు కదా? దాచకు. రైల్లో తాగావా, రాత్రంతా తాగావా? వాక్యం చదివినంతసేపూ నీ మొహం ఇంకా ఎర్రబడుతూనే ఉంది. అన్నానికి కూడా నిలబడకుండా మొదటి రైలు ఎక్కి పోయావు. నాయన జీవితంలో ఒక్క చుక్క ముట్టని మనిషి. ఆయన రాయి ముందు కొడుకు అట్లా నిలబడ్డాడు.

అమ్మ అడిగింది, "పోరని మొఖం గట్లయిందేందే" అని. ఎండకు అని చెప్పాను. అబద్ధం ఆడించావు నాతో.

రాహేలు.


హైదరాబాద్,
30 ఏప్రిల్ 1986.

అక్కా,

నువ్వు నర్సువి కదా. తాగిన మొహానికి, కాలిన మొహానికి తేడా నీకు తెలియదా?

నువ్వు అమ్మతో ఆడింది అబద్ధం కాదు, నిజంగానే ఎండకు. ఇప్పుడు మొత్తం రాస్తాను, చదివాక ఎంత తిట్టాలో అంతా తిట్టు.

మిషన్ మాట మరిచిపో అని నీకు రాసిన వారంలోనే చేయించుకున్నాను. మొహం మీద ఐసు కొట్టినట్టు మందు కొట్టారు, తర్వాత పళ్ళ డాక్టరు మిషన్ లాంటి చప్పుడు. నొప్పి తర్వాత తెలిసింది. చెంపలంతా పొక్కు కట్టింది. ఉప్మా కూడా నమలలేక రాయమల్లు చేసిచ్చిన జావ తాగాను. ఆ సెలవు అందుకే. తర్వాత పొక్కు రాలిపోయింది. చెంప తడుముకుంటే గుంటల్లేవు అక్కా. ఒకటో రెండో లోతువి మిగిలాయి, తక్కినదంతా నున్నగా ఉంది. రంగు మాత్రం చంటిపిల్లల అరికాలిలాగా ఎర్రగా ఉంది. ఎన్నేళ్ళకో అద్దం ముందు నిలబడి పాట పాడుకున్నాను. రాయమల్లు పక్కకెళ్ళి నవ్వుకున్నాడు.

డాక్టరు ఒకటే చెప్పాడు, మూడు నెలలు ఎండ తగలకూడదని. ఒకటికి పదిసార్లు చెప్పాడు, ఆయన తప్పు లేదు. అందుకే సాయంత్రం పెట్టమని అడిగాను. అందుకే తువ్వాల. ఎరుపు కనబడకుండా పౌడరు.

నువ్వు తువ్వాల గుంజాక పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. నాయన పుట్టుక దగ్గర మొదలుపెట్టి, ఉద్యోగం, పెళ్ళి, మనమిద్దరం పుట్టడం, రైల్వే సమ్మె, అన్నీ దేవుడికి గుర్తుచేశారు. నేను నిలబడే ఉన్నాను. అక్కడే చెప్పొచ్చు కదా అంటావు. మరిచిపో అని రాసినవాడిని, అంతమందిలో ఏ నోటితో చెప్పను?

ఇప్పుడు రెండు చెంపలూ నల్లబడ్డాయి. ముక్కు పక్కన ఇంకా నలుపు. ముందే నయం అనిపిస్తోంది. పరీక్ష జూన్‌లో. రాయమల్లు నిమ్మకాయ రుద్దమంటున్నాడు.

ప్రకాశం.


వరంగల్,
4 మే 1986.

ఒరే ప్రకాశం,

నిమ్మకాయ ముట్టుకున్నావంటే నేను హైదరాబాద్ వచ్చి నిన్నూ రాయమల్లునూ కలిపి కొడతాను.

నీ ఉత్తరం డ్యూటీలో చదివాను. మందుల ట్రే పక్కన పెట్టి బాత్రూముకు వెళ్ళి ఏడ్చాను, వచ్చాక ముగ్గురు పేషెంట్లను ఊరికే తిట్టాను. నీ తువ్వాల గుంజింది ఈ చేయే. మాకు చర్మం వార్డు లేదనుకున్నావా? ఆ ఎరుపును నేను ఇంకెవరి మొహం మీద చూసినా చెప్పేదాన్ని. నీ మొహం కాబట్టి చూడలేదు, నా కోపమే చూసుకున్నాను.

కానీ నువ్వు! ఒక్క ముక్క రాస్తే ఏం పోయేది? స్టేషన్‌కు గొడుగు తెచ్చేదాన్ని. పాస్టరుగారికి చెవిలో చెబితే కూడిక చర్చి లోపలే పెట్టేవారు. తిడతానని భయపడ్డావా? తిట్టేదాన్నే. తిట్టి గొడుగు పట్టేదాన్ని. నా తిట్లకు భయపడేవాడివి మిషన్‌కు భయపడలేదా?

మా స్కిన్ డాక్టరమ్మను అడిగాను. రుద్దడం, కడగడం, గోకడం అన్నీ బంద్. ఈ పార్సిల్‌లో క్రీము ఉంది, పడుకునే ముందు నలుపు మీద మాత్రమే పలచగా రాయి. పగలు బయటికి వెళ్తే గొడుగు. మగవాడు గొడుగు పట్టుకుంటే నవ్వుతారంటావేమో, నవ్వనీ. మెల్లగా తగ్గుతుందని చెప్పింది. మెల్లగా అంటే నెలలు, జూన్‌కు కాదు. అబద్ధం చెప్పను.

అమ్మకు అంతా చెప్పాను. "వాని మొఖం మీద గుంటలున్నయా? నాకెన్నడు కనవడలేదే" అంది. నిజంగానే అంది.

ఇంకో సంగతి. నేను చెప్పకముందే అమ్మకు అనుమానం వచ్చి, స్త్రీల కూడికలో నీ తాగుడు మానాలని ప్రార్థన పెట్టించింది. అందరూ ఉపవాసం కూడా ఉన్నారట. ఇప్పుడు వాళ్ళకు ఏమని చెప్పాలి? తాగలేదు, మొహం గీకించుకున్నాడనా? దానికన్నా తాగుడే నయం అంటారు. చెప్పకుండా వదిలేశాను.

అక్క,
రాహేలు.


హైదరాబాద్,
29 జూన్ 1986.

అక్కా,

పరీక్ష అయిపోయింది. తీసుకోలేదు.

నీ క్రీము రాశాను, గొడుగు పట్టుకున్నాను. వీధిలో అందరికీ నేను గొడుగాయననే. నలుపు కొంచెం విరిగింది గానీ పోలేదు. పరీక్షకు అదే మొహంతో వెళ్ళాను. అక్కడ మేకప్ ఆయన నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఏదో పూసి, "అయిపోయింది, లే" అన్నాడు. అంతే అక్కా. ఇంత బాధ పెట్టిన నలుపు ఆయన చేతిలో చిటికెలో మాయమైంది. గుంటలున్నా ఆయన అట్లాగే పూసేవాడట. అడిగాను.

తీసుకోకపోవడానికి మొహం కారణం కాదు. ఒక్కరూ దాని గురించి ఒక్క మాట అనలేదు. "గొంతు బాగుంది. కానీ చదివినంతసేపూ కాగితంలోకే చూశావు. నీ నడినెత్తి తప్ప మాకేం కనబడలేదు. నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావని రైతు అనుకోవాలి?" అన్నారు. మళ్ళీ చెయ్యమన్నారు. మళ్ళీ చేశాను. తలెత్తాలని తెలుసు. మెడ లేవలేదు.

రూముకు వచ్చాక ఆలోచించాను. ఇంటర్‌లో మొటిమలు కమ్ముకున్నప్పుడు చర్చిలో వాక్యం చదవమనేవారు గుర్తుందా? బైబిలు మొహానికి అడ్డంగా ఎత్తి పట్టుకుని చదివేవాడిని. ఎవరూ చూడకూడదని. అప్పటి నుంచి కాగితం కనబడితే మొహం అందులోకే పోతుంది. రేడియో నాకు అందుకే నచ్చింది. ఎవరూ చూడరు.

గుంటలు పోయాయి, తల దించుకోవడం పోలేదు. దీన్ని తీసే మిషన్ ఇటలీలో కూడా ఉండదు.

నవంబర్‌లో ఇంకోసారి పరీక్ష పెడతారట. వెళ్ళను. మిగిలిన ఆ రెండు గుంటలకు ఇంకో సిట్టింగ్ చేద్దామని డాక్టరు అంటున్నాడు. దానికైనా వెళ్ళాలా వద్దా, తేలడం లేదు.

ప్రకాశం.


వరంగల్,
5 జూలై 1986.

ఒరే తమ్ముడూ,

ఇంకోసారి ఆ మిషన్ ముందు కూర్చున్నావంటే అక్క లేదనుకో. కూర్చోవు, నాకు తెలుసు, అయినా రాస్తున్నాను. నీ మాట నమ్మడం మానేసి చాలా రోజులైంది.

నువ్వు బైబిలు ఎత్తి పట్టుకుని చదువుతుంటే మేమంతా ఏమనుకునేవాళ్ళమో తెలుసా? "ఎంత భక్తిగ చదువుతాండే పిల్లగాడు" అనుకునేవాళ్ళం. అమ్మ కళ్ళు తుడుచుకునేది. నాయన నిన్ను వెనక బెంచీలో వాళ్ళకు చూపించి మురిసేవాడు. ఒక్కరం కూడా ఆ పుస్తకం దించి చూడలేదు. నేను అదే ఇంట్లో ఉండి, రోజూ నీకు అన్నం పెట్టి చూడలేదు. ఇప్పుడు ఆ మాట తల్చుకుంటే ఎవరిని తిట్టాలో తెలియక కోపమంతా వంట గిన్నెల మీద చూపిస్తున్నాను. మీ బావ ఇంట్లోకి రావడానికి భయపడుతున్నాడు.

నవంబర్ పరీక్షకు వెళ్తున్నావు. నేను సెలవు పెట్టాను. ఈ నెల పదో తేదీ రైలుకు వస్తాను. నీ రూములో నాకు చోటు లేదంటే రాయమల్లును వాళ్ళ ఊరికి పంపు. నీ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నువ్వు వడ్ల ధర చదివి నా మొహం చూడు, పత్తి ధర చదివి నా మొహం చూడు. చూడకపోతే తిడతాను. చూసినా తిడతాను, నాకు ఊరుకోవడం చేతకాదు. నువ్వు మాత్రం చదువుతూనే ఉండు.

స్టేషన్‌కు గొడుగు తీసుకుని రా.

అక్క,
రాహేలు.


హైదరాబాద్,
20 నవంబర్ 1986.

అక్కా,

నువ్వు వెళ్ళిపోయాక ఇన్నాళ్ళూ రాయమల్లును కూర్చోబెట్టుకుని చదివాను. అతను తిట్టడు, నిద్రపోతాడు. అందుకని కుర్చీలో నువ్వే ఉన్నావనుకుని చదివాను.

తీసుకున్నారు! వారానికి ఒక్కరోజే, అది కూడా ప్రస్తుతానికి. రేడియో ఎట్లాగూ ఉంటుంది. వచ్చే నెల మొదటి గురువారం సాయంత్రం నా కార్యక్రమం. ఎవరింట్లోనైనా టీవీ చూడండి. నలుపు ఇప్పుడు వెతికితేనే కనబడుతుంది. ముక్కు పక్కన కొంచెం ఉంది. బాగా చూసి ఎట్లా ఉందో రాయి.

ప్రకాశం.


వరంగల్,
5 డిసెంబర్ 1986.

తమ్ముడు ప్రకాశానికి,

నిన్న సాయంత్రం మన పక్కింటి విజయలక్ష్మి వాళ్ళ టీవీ ముందు సగం వాడ కూర్చుంది. అమ్మకు ముందు కుర్చీ వేశారు. స్త్రీల కూడిక వాళ్ళు కూడా వచ్చారు, తమ ప్రార్థన ఎంతవరకు ఫలించిందో చూసుకోవడానికి. నువ్వు తాగలేదని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. "ఇప్పుడు తాగుతలేడు గదా, గంతే సాలు" అంటున్నారు. ఇక నేను వదిలేశాను.

చెంపలు బాగా చూసి రాయమన్నావు. ఏం చూడమంటావురా? తెర మీద చుక్కలు, చుక్కల మీద గీతలు, దుమ్ము లేచినట్టు. మీ బావ మేడ మీద యాంటెనా పట్టుకుని, "వచ్చిందా? ఇప్పుడొచ్చిందా?" అని అరుస్తున్నాడు. కింద నుంచి మేమంతా "రాలే, రాలే" అని అరుస్తున్నాం. ఇటు తిప్పితే నువ్వు ఇద్దరయ్యావు, అటు తిప్పితే వంకర పోయావు. నీ ముక్కే సరిగ్గా కనబడలేదు, ముక్కు పక్కన నలుపు నాకెట్లా కనబడుతుంది? గుంటలున్నాయో, నున్నగా ఉందో, మొహమే లేదో దేవుడికి తెలియాలి. దీని కోసమా నువ్వు ఆ బ్రష్షు కింద కూర్చున్నది? దీని కోసమా నేను పార్సిళ్ళు కట్టింది? తల కొట్టుకోవాలనిపించింది.

గొంతు మాత్రం బాగా వచ్చింది. వడ్ల ధర చదివావు. ఆ చుక్కల్లో ఒక తల పైకి లేచింది. చక్కగా, తొందర లేకుండా లేచి, మా వైపు చూసింది. అమ్మ కుర్చీలోంచి ముందుకు వంగి, "ఆఁ, నేనింటాన బిడ్డా, సదువు" అని గట్టిగా అన్నది.

అక్క,
రాహేలు.